తెగదన్న దారము ఏల తెగును?



హైదరాబాదు నగరమున నేను నివసించు పేటకు మాసబ్ ట్యాంక్ అని పేరు. పేరునందు చెఱువు కలదు గాని పేటయందు చెఱువు లేదు. గోలకొండ నేలిన మహమ్మదు కులీ కుతుబ్‌షా కుమార్తెయు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియు నగు హయాత్ బక్షీ బేగమును జనులు మా సాహెబా యని గౌరవించెడివారు. ఆమె పేరిటి చెఱువు గనుక అది మా సాహెబా తాలాబు. ఆ పేరే జనుల నోట అరిగి అరిగి మాసబ్ ట్యాంక్ అయినది. చెఱువున్న తావున నేడు చాచా నెహ్రూ పేరిట ఉద్యానవన మున్నది. పిల్లలు ఉయ్యెల లూగుచున్నారు. వింత యేమనగా, నీరు పోయిన ఈ చెఱువు సమీపముననే, శాంతినగరునందు, రాష్ట్ర మత్స్యశాఖవారి మత్స్యభవనము కలదు. చెఱువు పోయినను చేపల లెక్కలు మాత్ర మిచ్చటనే జరుగుచున్నవి.

ఆ భవనమునకు పనిమీద వచ్చు పల్లెవారిలో మా బావగా రొకరు. తమ యూరి మత్స్యకారుల సహకార సంఘమునకు వారు పెద్ద. వచ్చినప్పుడెల్ల మా యింటనే భోజనము. క్రిందటి మృగశిర కార్తెకు ముందు వచ్చినపుడు, భోజన మైన పిమ్మట, కండువా కొంగున ముడివేసి తెచ్చిన దొకటి విప్పి నా చేతిలో పెట్టిరి. అది మూరెడు పచ్చని దారపుముక్క.

"ఇది నీదే గదా?" అని యడిగిరి.

నాదే. తల వంచుకొంటిని. ఆ కథ చెప్పినగాని నేటి విషయము మీకు బోధపడదు.

నేనును గాలము వేసిన వంశమువాడనే. మా తండ్రిగారు జనుపనారను తొడమీద పేని, తుమ్మచెక్క కషాయమున నానబెట్టి, నీడను ఆరవేసి గాలపుదారమును సిద్ధపఱచెడివారు. అది ఎచట లావో ఎచట సన్నమో వారి వ్రేళ్ళకు తెలియును. ఎంత చేపకు నిలుచునో, ఎన్ని దినములకు క్రుళ్ళునో కూడ తెలియును. నేను మాత్రము నగరమున నొక అంగడిలో, డబ్బా మీది అంకెను చూచి దారమును కొంటిని. జడ యల్లినట్లు నాలుగుపాయల నల్లిన సన్నని దారమది. దానిని బ్రెయిడ్ అందురు. మనము జడదార మందము. డబ్బాపై 20 పౌనులని వ్రాసియుండెను. అనగా రమారమి 9 కిలోల బరువు మోయునని యర్థము. "ఇది తెగదు" అని అంగడివాడు చెప్పెను. నేను నమ్మితిని.

నడివేసవిని బావగారి సెలవు గైకొని వారి చెఱువునకు పోయితిని. కొఱమీను కొఱకు రబ్బరు కప్పను గట్టి గుఱ్ఱపుడెక్క నడుమ విసరితిని. ఆ యుదయమున దారము మూడుమాఱులు తెగినది. మొదటిమాఱు విసరిన విసరుననే కప్ప దారము నూడి ఆకాశమున పోయెను. రెండవమాఱు కట్టరాతి నొరసికొని తెగెను. మూడవమాఱు మంచి కొఱమీను పడెను, రెండు కిలోలుండవచ్చును. ఒక్క గుంజు గుంజెను. టప్పుమని దారము నా చేతిచెంతనే తెగెను. ముప్పది గజముల దారము, కప్ప, చేప, అన్నియు డెక్కలోనికి పోయెను. చేపకై విచారించితినే గాని, దారమునకై విచారింపనైతిని. ఇంటికి వచ్చితిని.

పదిదినముల తరువాత సంఘమువారు ఆ తావున వల లాగినారట. వలత్రాటితో పెనవేసికొనియున్న నా దారము ఒక పిల్లవాని వ్రేలిని ఎముక దనుక కోసినదట. నాలుగు కుట్లు పడినవి. వలలు లాగు కాలమున వాడు నెలదినములు పనిలేక కూర్చుండెను. బావగారు తెచ్చినది ఆ ముక్కయే.

"రెండు కిలోల చేప, తొమ్మిది కిలోల దారమును త్రెంచునా? ఇది దొంగసరుకైన కావలె, నీకు పట్టుట రాకైన పోవలె. పట్నపుపిల్లలు ఆదివారమున ఈ దారములు పట్టుకొని మా చెఱువునకు వచ్చి సెలవడుగుచున్నారు. ఇయ్యవలెనా, మానవలెనా? చదువుకొన్నవాడవు, చెప్పుము" అనిరి.

పెద్దల ప్రశ్న న్యాయమైనది. నాటినుండి చదివినదియు, చేసి చూచినదియు మీకు విన్నవించుచున్నాను. మీ యూరి చెఱువుగట్టుననుకూడ ఈ ప్రశ్న నేడో రేపో రాగలదు.

మొదట ఈ దార మెట్టి పదార్థమో చూతము. ఇది పట్టుగాదు, నూలుగాదు, నైలానును గాదు. మన యిండ్లలోని ప్లాస్టిక్ బిందెలు దేనితో చేయుదురో ఆ పాలిథీనే ఇది. ఆ పదార్థము 1933లో ఇంగ్లాండున బయటపడినది. బిందె గోరు గ్రుచ్చిన గీతపడును. ఈ దారమో, బరువునకు బరువు తూచినచో ఉక్కుతీగ దీనిముందు నిలువదు. ఒకే పదార్థమున కింత భేద మెట్లు? గడ్డివాము నుండి చేతికి వచ్చినంత పెఱికి లాగుడు, ఊడి వచ్చును. ఆ గడ్డినే పరకకు పరక చేర్చి వెంటి పేనుడు, ఎద్దును కట్టవచ్చును. బిందెలో అణువులు వామిలోని గడ్డివలె చిక్కుపడి యుండును. అట్లుగాక మిక్కిలి పొడవైన అణువులు గల పాలిథీనును ద్రావకమున కరగించి, సన్నని బెజ్జములగుండ తీసి, అనేక రెట్లు సాగదీసినచో అణువు లన్నియు ఒకే దిక్కునకు తిరిగి బారులుతీరును. ఈ యుపాయమును హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు 1979 ప్రాంతమున సాధించిరి. 1990 దాటిన పిమ్మట ఈ నూలుతో అల్లిన గాలపుదారములు లోకమున వ్యాపించినవి.

ఆ బారులు తీరుటయందే దాని బలమంతయు నున్నది. దాని లోపమును అందే యున్నది. ఈ అణువులు ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొనవు. పొడవునకు లాగినపుడు మహాబలము. నున్నగా నుండును గనుక ముడిలో జారును. వేడికి మిక్కిలి పిఱికి: 145 డిగ్రీల ప్రాంతమున కరగిపోవును. నైలానైనచో 200 డిగ్రీలు దాటువఱకు నిలుచును.

గాలపుదారమున కంతటి వేడి ఎచటిదని మీరడుగవచ్చును. బావిలో నీళ్ళు తోడునపుడు చేదత్రాడు చేజారిన అరచేయి ఎట్లు కాలునో మీకు తెలియనిదిగాదు. త్రాడు చల్లనిదే, చేయి చల్లనిదే; ఒరపిడివలన వేడి పుట్టినది. ముడి జారునపుడు దారముమీద దారము అట్లే ఒరయును. చోటు ఆవగింజంత, తాకిడి క్షణకాలము. వేడి పోవుటకు దారి లేదు. సంక్రాంతినాడు పతంగులాటలో ఒకని దారము వేఱొకని దారమును కోయుటలోను ఈ ధర్మము కలదు. కదలుచున్న దారమునకు ఒరపిడి పొడవునా పంచుకొనబడును. నిలిచియున్న దారము ఒక్కచోటనే ఒరపిడి తినును, అచటనే తెగును. ఈ ప్రసంగవశమున మఱియొక మాట. నైలానుతోను తదితర కృత్రిమ దారములతోను చేసిన మాంజాను 2017లో జాతీయ హరిత న్యాయస్థానము దేశమంతట నిషేధించినది. అయినను ప్రతి సంక్రాంతికి మా పేటలో చెట్లకొమ్మలనుండి పక్షులను విడిపించుచునే యున్నాము.

ఇక ముడి సంగతి. సాదాముడి యొకటి వేసి, పంటితో కొఱికి బిగించుట నా చిన్ననాటి అలవాటు. జనుపదారము గరుకు గనుక ఆ ముడి నిలిచెడిది. ఈ నున్నని దారమున అది నిలువదు. ఏ దారమైనను ముడివద్ద వంగును. వంగినచోట వెలుపలి పోగులకు లాగుడెక్కువ, లోపలి పోగులకు తక్కువ. బరువు నందఱును సమముగా మోయరు. నైలానుపోగు కొంత సాగి బరువును ప్రక్కవానికి పంచును. ఈ పోగు సాగదు. మొదటిది తెగును, పిదప రెండవది. అందుచేత చెడుముడి వేసినచో జడదారపు బలము సగమునకు పడిపోవుట సామాన్యము. ముడిలేని దారమును పరీక్షించి డబ్బాపై అంకె వేసిన నేమి లాభము? ముడిలేక గాలమెట్లు కట్టుదుము?

నా మొదటి తెగుడు ఇదియే. కప్ప యూడిపోయిన పిమ్మట దారపుకొనను నేను చూడనైనను లేదు. చూచియుండినచో దారమే చెప్పెడిది. కొన పందితోకవలె మెలితిరిగి యున్నచో ముడి జారినదని గుర్తు. కొన నూగునూగుగా, పోగులు హెచ్చుతగ్గులుగా చెదరియున్నచో దేనికో ఒరసి అరిగినదని గుర్తు. కత్తితో కోసినట్లున్నచో రాతియంచో, చేపపల్లో, గుల్లయో కోసినది. ఈ గుర్తులు నూటికి నూఱుపాళ్ళు నిజమగునని చెప్పజాలను. అయినను తెగినవెంటనే కొనను చూచువానికిని చూడనివానికిని చాల భేదము కలదు. మా తండ్రిగారు తెగిన ప్రతికొనను కన్నులదగ్గఱ పెట్టుకొని చూచెడివారు. అది ముసలితనపు చాదస్తమని నేను తలచితిని.

రెండవ తెగుడును గుఱించి విస్తరింప నక్కఱలేదు. మన దక్కను చెఱువుల కట్టలు నల్లరాతివి. బిగువుగా నున్న సన్నదారము రాతి పదునంచును తాకిన క్షణములో తెగును. అదే బలముగల నైలానుతీగకు జడదారము ఇంచుమించు సగము లావే యుండును. కోసివేయుటకు రాతికి అంత తక్కువ పని. నాలుగుపాయలలో ఒక పాయ తెగినచో నాలుగవవంతు బలము పోయినదని యూరకుండరాదు. తక్కిన అల్లిక సడలి అదియు చెడును. బురదనీటి యిసుకరేణువులు పాయలసందున చేరి లోపలనుండియే ఆకురాయివలె అఱుగదీయును. గాలపుకఱ్ఱకు బిగించిన వలయములలో గీతపడిన దొకటి యున్నను అదియే పని చేయును.

మూడవ తెగుడే బావగారి ప్రశ్నకు మూలము. రెండు కిలోల చేప తొమ్మిది కిలోల దారము నెట్లు త్రెంచెను?

బురదలో దిగబడిన బండిని లాగుటకు మోకు కట్టుదురు, గొలుసు కట్టరు. ఎద్దులు ఒక్కుమ్మడి కదలినపుడు మోకు కొంచెము సాగి ఆ కుదుపును మ్రింగును. గొలుసు మ్రింగదు, కొక్కెమైన విఱుగును, కాడియైన విఱుగును. నైలాను తెగుటకు ముందు నూటికి 15 మొదలు 30 వంతులవఱకు సాగును. జడదారము 3, 4 వంతులకు మించి సాగదు. నలుబది గజముల దారము నీటిలో నున్నదనుడు. నైలానైన ఎనిమిది గజములు సాగి చేపకు లొంగి మరల లాగుకొనును. జడదారము గజమున్నర సాగునో లేదో. కావున చేపయొక్క బరువుగాదు దారమును త్రెంచునది, చేపయొక్క కుదుపు.

ఈ కుదుపును మ్రింగుటకే గాలపు రీలుకు ఒక మర యుండును. లాగుడు ఒక మితి దాటినచో చుట్ట తనంతట జారి దారము నిచ్చును. దారపుబలములో నాలుగవవంతునకో, మూడవవంతునకో ఆ మరను సవరించుకొనుట తెలిసినవారి పద్ధతి. నేనేమి చేసితిని? దారము తెగదన్నారు గదా యని మరను బిగియబట్టితిని. అంతేగాక చుట్టునపుడు దారమును వదులుగా చుట్టితిని. చేప గుంజినపుడు పైచుట్టు క్రిందిచుట్లలోనికి దిగబడి చిక్కుకొనెను. మర జారలేదు, చుట్టు జారలేదు, దారము సాగలేదు. ఇక తెగక ఏమగును? దారమును నిందించుటకు వీలులేదని అప్పుడు తెలిసినది.

ఇదంతయు నోటిమాటగా చెప్పిన మా బావగారు నమ్ముదురా? "చూపుము" అనిరి. మేడ పిట్టగోడ కమ్మీనుండి అదే దారమును నాలుగుమూరలు వ్రేలాడదీసి, కొనకు కొక్కెము గట్టి, కొక్కెమునకు బకెట్టు తగిలించితిమి. లీటరు చెంబుతో నీరు పోసితిమి. లీటరు నీరు కిలో బరువు గదా. నా సాదాముడి నాలుగవ చెంబునకు జారి బకెట్టు నేల గూలెను. బావగారు నవ్విరి. పిమ్మట నేను క్రొత్తగా నేర్చిన ముడి వేసితిని. దానిని పాలోమార్ ముడి యందురు, వేయుట కష్టముగాదు. దారమును మడచి జంటగా కొక్కెపు బెజ్జములో దూర్పవలెను. ఆ జంటతోనే వదులుగా ఒక ముడి వేయవలెను. మిగిలిన ఉచ్చునుండి కొక్కెమును దాటింపవలెను. పిదప ఎంగిలితో తడిపి మెల్లగా లాగి బిగింపవలెను. తడుపుట ఆచారముగాదు, ఒరపిడివేడి తగ్గించుటకే. ఈ ముడి ఏడు చెంబులను మోసినది, బకెట్టు నిండెను.

తరువాత రెండు చెంబుల నీరే యుంచి, బకెట్టును జానెడు పైకెత్తి విడిచితిని. ఏడు చెంబులను మోసిన దారము రెండు చెంబులకు పుటుక్కుమనెను! అదే అంకె గల నైలానుతీగను కట్టి అట్లే విడిచితిమి. బకెట్టు క్రిందికి దిగి, పైకెగసి, ఊగుచు నిలిచెను. బావగారు చాలసేపు ఆ యూగుబకెట్టునే చూచిరి.

"అయిన ఈ జడదారము నెవరు నమ్ముదురు?" అని యడిగిరి.

నమ్మువారు కలరు, తెలిసియే నమ్ముదురు. కొఱమీనును 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్రపు చేపగా ప్రకటించినది. ఆ చేప డెక్కలోను తామరతూండ్లలోను దాగి పట్టును. పడినవెంటనే డెక్కలోనికి దూరును. అట్టిచోట సాగుదారము చెడ్డది. చేప చిక్కులో చొరబడువఱకు సాగుచునే యుండును. జడదారము సాగదు గనుక చేపను వెంటనే త్రిప్పవచ్చును. సన్నము గనుక తూండ్లను కోసికొని వచ్చును. చేప ముట్టిన ముట్టుడు తీగ మీటినట్లు చేతికి తెలియును. నీటిని పీల్చదు, క్రుళ్ళదు, ఎండకు సులభముగా చెడదు. రంగు వెలిసినను బలము పోయినట్లు గాదు. నైలాను తడిసిన కొంత బలము కోల్పోవును, మా తండ్రిగారి జనుపదారము నెలలలో క్రుళ్ళెడిది. బొచ్చె, రోహు వంటి మెత్తనినోటి చేపలకు మాత్రము నైలానే మేలని నా యభిప్రాయము. సాగని దారము గాలమును నోటినుండి పెఱికివేయును. పెక్కురు రెంటిని కలిపి వాడుదురు: రీలులో జడదారము, గాలముచెంత బారెడు రెండుబారల నైలాను.

ఈ నైలానుతోక విషయమున నేను బావగారికి గట్టిగా చెప్పినది ఒకటి కలదు. ఆ తోక జడదారముకంటె కొంచెము బలహీనముగా నుండవలెను. అప్పుడు తెగినచో గాలముచెంతనే తెగును. పొడవైన దారము చెఱువులో మిగులదు. జడదారము నీటికంటె తేలిక, తేలును, క్రుళ్ళదు. కొంగకాలికిని, గేదెనోటికిని, వల లాగువాని వ్రేలికిని అది సంవత్సరములతరబడి పొంచియుండును. చిక్కిన దారమును ఎన్నడును వట్టిచేతికి చుట్టి లాగరాదు. కఱ్ఱముక్కకు చుట్టి వెనుకకు నడువవలెను.

బావగారు కొంత ఆలోచించి, "సెలవిత్తుము. తోకలేనివానికి ఇయ్యము. తెగిన ముక్క తెచ్చి చూపనివాడు మఱల రానక్కఱలేదు. ఆ పిల్లవాని నెలజీతము మాత్రము నీవు పెట్టుకొనవలె" అనిరి. ఒప్పుకొంటిని. మఱునాడే పంపితిని.

పిమ్మట వారు కండువా సవరించుకొని, నేను వేసిన ముడిని విప్పివైచి, తాము స్వయముగా వేసిరి. వారి వ్రేళ్ళకు ఒక్కమాఱు చూచినది చాలును. బకెట్టును తగిలించి చెంబు నాచేతి కిచ్చి పోయుమనిరి. ఏడు చెంబులు పట్టినవి. బకెట్టు అంచుదాక వచ్చెను. ఎనిమిదవది పోయబోగా, "చాలు, చాలు. ఆ నీళ్ళు నేల పోయక తులసికోటలో పోయుము" అని మెట్లు దిగి బస్సునకు బయలుదేరిరి.